బ్రిటిష్ కామెడీ, అమెరికన్ కామెడీ: క్షమించడానికి పట్టే కాలం

బ్రిటిష్ టెలివిజన్ హాస్యం నర్మగర్భంగా ఉంటుందని, అమెరికన్ హాస్యం గొంతెత్తి మాట్లాడుతుందని, మొదటిది ఆలోచనాపరులకూ రెండోది కాలక్షేపానికీ పనికొస్తుందని ఒక అభిప్రాయం చాలాకాలంగా స్థిరపడిపోయింది. రెండు దేశాల సిట్‌కామ్‌లనూ, అంటే అవే పాత్రలతో నడిచే హాస్య సీరియల్‌లనూ, ఏళ్ల తరబడి ఇష్టంగా చూస్తూ వచ్చిన నాకు ఈ మాట ఎన్నడూ సరిగా తోచలేదు. ఆగిపోయిన కారును చెట్టుకొమ్మతో చావబాదిన "ఫాల్టీ టవర్స్" హోటల్ యజమాని బాసిల్ ఫాల్టీ, "ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్"లో బార్ కౌంటర్ పలక ఎత్తి ఉందని చూసుకోకుండా ఆనుకోబోయి నిలువునా పక్కకు పడిపోయిన డెల్ బాయ్, ఇద్దరూ బ్రిటిష్ టెలివిజన్ పాత్రలే. ఆ రెండు దృశ్యాలలోనూ నర్మగర్భమైనది ఏదీ లేదు. ప్రేక్షకులు దశాబ్దాలుగా గుర్తుపెట్టుకున్నవి కూడా అవే. నా ఉద్దేశంలో అసలు తేడా నవ్వు తీరులో లేదు. నవ్వులపాలయ్యే మనిషితో ప్రేక్షకుడు ఎంతకాలం గడపాలన్న లెక్కలో ఉంది. తక్కిన తేడాలు చాలావరకు ఆ లెక్క నుంచే పుట్టుకొచ్చాయి.

దీన్ని పరిశీలించడానికి "ద ఆఫీస్" కంటే అనువైన ఉదాహరణ దొరకదు. రికీ జర్వేజ్, స్టీఫెన్ మర్చంట్ కలిసి రాసిన బ్రిటిష్ సీరియల్ 2001 జూలైలో బీబీసీ టూలో మొదలైంది. రెండు సిరీస్‌లు, ఒక్కొక్క దానిలో ఆరు ఎపిసోడ్‌లు, ఆపైన 2003 క్రిస్మస్‌కు రెండు భాగాల ముగింపు, అంటే మొత్తం పద్నాలుగు ఎపిసోడ్‌లతో అది పూర్తయింది. గ్రెగ్ డేనియల్స్ రూపొందించిన అమెరికన్ అనుసరణ 2005 మార్చిలో ఎన్‌బీసీలో మొదలై 2013 మే వరకు, తొమ్మిది సీజన్‌ల పాటు, 201 ఎపిసోడ్‌లు నడిచింది. అమెరికన్ సీరియల్ తొలి ఎపిసోడ్ బ్రిటిష్ తొలి ఎపిసోడ్‌కు దాదాపు మక్కికి మక్కి. సహోద్యోగి స్టేప్లర్‌ను జెల్లీలో ముంచి గడ్డకట్టించే చిలిపి పని రెండింటిలోనూ ఉంది. కొత్తగా వచ్చిన కుర్రాడి ఎదుట తన చమత్కారం ప్రదర్శించుకోవడానికి మేనేజర్ రిసెప్షనిస్టును పిలిచి, నోట్లు రాసుకునే చిన్న కాగితాలు దొంగిలించావని నింద వేసి, ఉద్యోగం తీసేస్తున్నానని చెప్పి ఏడిపించే సన్నివేశం కూడా రెండింటిలోనూ ఉంది. ఆమె నిజంగా ఏడుస్తుంది. ఇది హాస్యమని ఆయన అనుకుంటాడు. రెండు దేశాల కథలూ సరిగ్గా ఒకే చోట నుంచి బయలుదేరాయన్నమాట.

అక్కడి నుంచి దారులు ఎలా విడిపోయాయో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. స్లౌ పట్టణంలోని కాగితాల కంపెనీ శాఖను నడిపే డేవిడ్ బ్రెంట్‌ను రచయితలు చివరి వరకూ వదిలిపెట్టలేదు. తాను అందరికీ స్నేహితుడనని, గొప్ప వినోదకుడినని నమ్మే ఆ మనిషి, రెండో సిరీస్ చివరి ఎపిసోడ్‌లో, ఉద్యోగం ఊడిందని తెలిశాక, తనను తీసివేయవద్దని పై అధికారులను బతిమాలుకుంటాడు. అంతవరకూ కెమెరా వైపు ఓరచూపులు విసురుతూ వచ్చిన ముఖం మీద అప్పుడు నటన ఏమీ మిగలదు. గొంతు వణుకుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఎదుట నిలబడిన వాళ్లకు ఏం చెప్పాలో తెలియదు, చూస్తున్న మనకూ తెలియదు. పన్నెండు ఎపిసోడ్‌ల పాటు ఆ మనిషిని చూసి నవ్వినందుకు కట్టవలసిన మూల్యం అంతా ఆ ఒక్క నిమిషంలో కట్టించుకున్నట్టు ఉంటుంది. టెలివిజన్ కామెడీలో నేను చూసిన అత్యుత్తమ సన్నివేశాలలో దీన్ని ఒకటిగా లెక్కిస్తాను.

అమెరికన్ సీరియల్‌లో మేనేజర్ మైకేల్ స్కాట్ మొదటి సీజన్ ఆరు ఎపిసోడ్‌లలో బ్రెంట్‌కు దగ్గరగానే ఉన్నాడు, ప్రేక్షకులూ దూరంగానే ఉండిపోయారు. రెండో సీజన్ తొలి ఎపిసోడ్ నుంచి మార్పు కనిపిస్తుంది. ఆఫీసు సిబ్బందికి ఏటా తానే కనిపెట్టిన బహుమతులు పంచే కార్యక్రమాన్ని మైకేల్ ఒక రెస్టారెంట్‌లో పెడతాడు. హాస్యం పండదు, పాటలు విసుగు పుట్టిస్తాయి, సిబ్బంది తలలు దించుకుంటారు. అప్పుడు వేరే బల్ల దగ్గర కూర్చున్న అపరిచితులు అతన్ని హేళన చేస్తారు, అతని మీదికి వస్తువులు విసురుతారు. మైకేల్ ముఖం వాడిపోతుంది, కార్యక్రమం ఆపేయబోతాడు. ఆ క్షణంలో అంతవరకూ అతన్ని భరించలేకపోతున్న సిబ్బందే చప్పట్లు కొట్టి, కొనసాగించమని ఉత్సాహపరుస్తారు. వీడు మూర్ఖుడే గాని మా మూర్ఖుడు, బయటివాళ్లు అనడానికి వీల్లేదు అన్న భావం ఆ చప్పట్లలో ఉంది. రచయితలు మైకేల్‌ను మంచివాడిగా మార్చలేదు. అతని చుట్టూ ఉన్నవాళ్లకు అతన్ని క్షమించే అవకాశం కల్పించారు. ఆ తర్వాతి సీజన్‌లో, చిత్రకళ ప్రదర్శనలో రిసెప్షనిస్టు పామ్ వేసిన బొమ్మలను ఎవరూ పట్టించుకోని సాయంత్రం, మైకేల్ వచ్చి, తమ ఆఫీసు భవనం బొమ్మ ముందు నిలబడి, దాన్ని కొంటానని అంటాడు. తొలి ఎపిసోడ్‌లో ఆమెను ఏడిపించిన మనిషే ఇప్పుడు ఆమెను చూసి గర్వపడుతున్నాడు. పద్నాలుగు ఎపిసోడ్‌లలో ఇంత దూరం నడవడం సాధ్యం కాదు.

నిజమే, క్రిస్మస్ ముగింపులో బ్రిటిష్ రచయితలు కూడా బ్రెంట్‌కు కాస్త ఊపిరి పీల్చుకునే వీలు ఇచ్చారు. తనను ఇష్టపడే ఒక స్త్రీ ఎదురవుతుంది, ఏళ్ల తరబడి అవమానించిన స్నేహితుడికి తొలిసారి గట్టిగా సమాధానం చెబుతాడు. కానీ ఆ దయ ఆఖరి ఘట్టానికి గాని దొరకలేదు. అమెరికన్ సీరియల్‌లో అది ప్రతి వారం కొద్దికొద్దిగా పంచవలసిన సరుకు. ఏడాదికి ఇరవైకి పైగా ఎపిసోడ్‌లు, అలా ఏడెనిమిదేళ్లు ఒక మనిషిని ఇంట్లోకి రానివ్వాలంటే, అతనిలో ప్రేమించడానికి ఏదో ఒకటి ఉండి తీరాలి.

ఈ పొడవు ఎక్కడి నుంచి వచ్చిందంటే సమాధానం 1951 దాకా వెనక్కి వెళుతుంది. "ఐ లవ్ లూసీ" అనే సిట్‌కామ్ మొదలయ్యేటప్పటికి అమెరికన్ టెలివిజన్ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్ష ప్రసారమయ్యేవి. అందులో నటించిన లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ దంపతులు హాలీవుడ్ విడిచి వెళ్లడానికి ఇష్టపడలేదు. కార్యక్రమాన్ని ప్రేక్షకుల ఎదుటే, మూడు కెమెరాలతో, సినిమా ఫిల్మ్ మీద చిత్రీకరించే పద్ధతిని ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ సాయంతో స్థిరపరిచారు. ఖర్చు పెరిగింది కాబట్టి తమ పారితోషికం తగ్గించుకుని, దానికి బదులుగా ఆ ఫిల్మ్‌ల మీద యాజమాన్యం ఉంచుకున్నారు. ఫిల్మ్ చెడిపోదు, ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు. పునఃప్రసారం అనే వ్యాపారానికి దారి అక్కడ తెరుచుకుంది. తర్వాతి కాలంలో ఒక సీరియల్ దాదాపు వంద ఎపిసోడ్‌లు చేరితే స్థానిక ఛానెళ్లకు వారానికి ఐదు రోజులు వేసుకోవడానికి అమ్మవచ్చని, అసలు లాభం అక్కడే ఉందని అమెరికన్ స్టూడియోలు లెక్కకట్టుకున్నాయి. వంద అనే సంఖ్య కథ ఆకారాన్ని నిర్ణయించింది. రేపు ఏ ఎపిసోడ్ ఏ వరుసలో వేసినా అర్థం కావాలి, చివరకు అందరూ మొదలైన చోటికే రావాలి, అది జనానికి మళ్లీ మళ్లీ వెళ్లాలనిపించే చోటు కావాలి.

బ్రిటన్‌లో అదే కాలంలో జరిగినది దీనికి పూర్తిగా వ్యతిరేకం. బీబీసీకి డబ్బు ప్రకటనల నుంచి రాదు, టెలివిజన్ ఉన్న ఇళ్లు కట్టే లైసెన్స్ ఫీజు నుంచి వస్తుంది. వీడియో టేపు ఖరీదైనది కాబట్టి ప్రసారమైన కార్యక్రమాన్ని చెరిపివేసి, అదే టేపు మీద మరొకటి రికార్డు చేసే అలవాటు ఉండేది. "హాన్‌కాక్స్ హాఫ్ అవర్", "టిల్ డెత్ అజ్ డూ పార్ట్" వంటి సీరియల్‌ల ఎన్నో ఎపిసోడ్‌లు ఆ విధంగా పోయాయి. "డాడ్స్ ఆర్మీ" రెండో సిరీస్‌లోవి మూడు ఇప్పటికీ దొరకలేదు. ఆ నష్టం తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. అయితే ఒకసారి వేసి వదిలేసేదే అన్న భావన రచయితకు ఒక స్వేచ్ఛ కూడా ఇచ్చింది. ఆరు కథలు చెప్పాలనిపిస్తే ఆరే చెప్పవచ్చు. జాన్ క్లీజ్, కొనీ బూత్ కలిసి "ఫాల్టీ టవర్స్" మొదటి ఆరు ఎపిసోడ్‌లు 1975లో ఇచ్చి, తర్వాతి ఆరు 1979లో ఇచ్చి, అంతటితో ఆపేశారు. పన్నెండు ఎపిసోడ్‌లలో ఒక్కొక్కటీ గడియారం లోపలి భాగాల్లా అమరి ఉంటుంది. మొదటి ఐదు నిమిషాల్లో యథాలాపంగా పడిన అబద్ధం చివరి ఐదు నిమిషాల్లో బాసిల్ మెడకు చుట్టుకుంటుంది. ప్రకటనలు లేనందువల్ల దాదాపు అరగంట నిడివి దొరికేది. అమెరికన్ నెట్‌వర్క్ సిట్‌కామ్‌కు దక్కేది సుమారు ఇరవై రెండు నిమిషాలే, అది కూడా ప్రకటనల కోసం ముక్కలుగా తెగేది.

రాసే పద్ధతీ ఇందుకు తగ్గట్టే ఏర్పడింది. బ్రిటన్‌లో ఒకరు లేదా ఇద్దరు రచయితలు మొత్తం రాస్తారు: "స్టెప్టో అండ్ సన్" రాసిన గాల్టన్, సింప్సన్ జంట, "డాడ్స్ ఆర్మీ" రాసిన పెర్రీ, క్రాఫ్ట్ జంట, ఒంటరిగా "ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్" రాసిన జాన్ సల్లివన్. అమెరికాలో ఒక గది నిండా రచయితలు కూర్చుని, ఒకరు రాసిన డ్రాఫ్టును అందరూ కలిసి వాక్యం వాక్యం మెరుగు పెడతారు. ఒక ఎపిసోడ్ చిత్రీకరణలో ఉండగానే తర్వాతిది సిద్ధమవుతుండాలి కాబట్టి ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒక్క మనిషి రాసినదానిలో ఆ మనిషి కోపం, భయం, సిగ్గు తగ్గకుండా నిలుస్తాయి. పదిమంది రాసినదానిలో నవ్వులు దట్టంగా పడతాయి గాని, విపరీతమైన అంచులు అరిగిపోతాయి. నా మొగ్గు ఒంటరి రచయిత వైపే ఉంటుందని దాచుకోను. అయినా "చియర్స్" వంటి సీరియల్‌ను చూసినప్పుడు, 1982 నుంచి 1993 వరకు ఒకే బార్‌లో, ఒకే కౌంటర్ చుట్టూ, అన్ని వేల నిమిషాల సంభాషణను ఆ స్థాయిలో నిలబెట్టడం ఏ ఒంటరి రచయితకూ సాధ్యమయ్యేది కాదని ఒప్పుకోక తప్పదు.

ఆ సీరియల్ సృష్టికర్తలు మొదట "ఫాల్టీ టవర్స్" ప్రభావంతో ఒక హోటల్ నేపథ్యాన్ని ఆలోచించి, తర్వాత బార్‌కు మారారు. ఈ మార్పు ఎంతో చెబుతుంది. హోటల్ యజమానికి అతిథులంటే పడదు గాని వాళ్లు లేకపోతే బతుకు లేదు, తప్పించుకునే దారి లేదు. బార్‌కు మాత్రం అందరూ ఇష్టపడి వస్తారు, తలుపు తోసుకుని లోపలికి రాగానే పేరు పెట్టి పలకరిస్తారు. బ్రిటిష్ సిట్‌కామ్‌లోని ప్రధాన స్థలం చాలాసార్లు బందిఖానా. "పారిజ్"లో అది నిజంగానే జైలు. "స్టెప్టో అండ్ సన్"లో అది పాత సామాన్లు కొని అమ్మే తండ్రీకొడుకుల ఇల్లు. చదువుకోవాలని, పై తరగతి మనుషుల్లో ఒకడిగా బతకాలని తపించే కొడుకు హెరాల్డ్ ఆ ఇంటి నుంచి బయటపడాలని ప్రతి ఎపిసోడ్‌లోనూ చూస్తాడు, బయటపడడు. 1972లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో తండ్రితో పడలేక ఇంటికి నట్టనడుమ గోడ కట్టిస్తాడు. టెలివిజన్ ఒక్కటే ఉంది కాబట్టి గోడ దాని దగ్గరికి వచ్చేసరికి తెర కూడా చెరిసగం అవుతుంది. ఒకే ఇంటిలో, ఒకే తెరను రెండు సగాలుగా చూస్తూ, ఏ ఛానెల్ పెట్టాలని గోడ మీదుగా పోట్లాడుకునే ఆ ఇద్దరిలో బ్రిటిష్ వర్గ వ్యవస్థ మొత్తం కనిపిస్తుంది. ఎక్కాలన్న కోరిక ఉంది, మెట్టు లేదు. బాసిల్ ఫాల్టీ కూడా అంతే. తొలి ఎపిసోడ్‌లోనే గొప్పింటి అతిథుల కోసం ఆరాటపడి, ప్రభువునని చెప్పుకున్న ఒక మోసగాడి ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఈ చెరను తీసేస్తే ఏం మిగులుతుందో అమెరికన్ అనుసరణలు అనేకసార్లు చూపించాయి. "ఫాల్టీ టవర్స్"ను అక్కడ ఒకటి కాదు మూడుసార్లు ప్రయత్నించారు. 1983లో నటి బీ ఆర్థర్‌తో తీసినదానిలో బాసిల్ పాత్రనే లేకుండా చేశారు. ఏదీ నిలవలేదు. "కప్లింగ్" అనే మరో బ్రిటిష్ సిట్‌కామ్ అనుసరణ 2003లో నాలుగు ఎపిసోడ్‌లు ప్రసారమై ఆగిపోయింది. అమెరికన్ నిర్మాత నార్మన్ లియర్ మాత్రం ఈ పనిని ఎలా చేయాలో 1971లోనే చూపించాడు. "టిల్ డెత్ అజ్ డూ పార్ట్" కోసం జానీ స్పైట్ సృష్టించిన ఆల్ఫ్ గార్నెట్ అనే సంకుచిత లండన్ కార్మికుణ్ని తీసుకుని, న్యూయార్క్ క్వీన్స్‌లో ఉండే ఆర్చీ బంకర్‌గా మలిచాడు. "ఆల్ ఇన్ ద ఫ్యామిలీ" వరుసగా ఐదు సీజన్‌లు అమెరికాలో అత్యధిక ప్రేక్షకులున్న సీరియల్‌గా నిలిచింది. ఆల్ఫ్ నోటికి అడ్డూ ఆపూ లేదు, అతని మీద రచయితకు జాలి కూడా లేదు. ఆర్చీ మాటలూ అంతే జుగుప్స కలిగిస్తాయి, కానీ లియర్ అతనికి తన తండ్రి పోలికలు కొన్ని ఇచ్చాడు, భార్య ఈడిత్ ప్రేమను ఇచ్చాడు. ఆర్చీని ద్వేషించబోయిన ప్రేక్షకుడికి ప్రతిసారీ ఈడిత్ ముఖం అడ్డువచ్చేది. ఈ ఇద్దరు మూర్ఖులనూ తమ ప్రతినిధులుగా భావించి చప్పట్లు కొట్టినవాళ్లు రెండు దేశాలలోనూ ఉన్నారన్నది వేరే సంగతి. ఆ ప్రమాదం మాత్రం క్షమతోనూ పోలేదు, కాఠిన్యంతోనూ పోలేదు.

నా వాదానికి లొంగని ఉదాహరణలూ ఉన్నాయి. అమెరికన్ సిట్‌కామ్ "సైన్‌ఫెల్డ్"కు దాని సృష్టికర్తలలో ఒకడైన లారీ డేవిడ్ పెట్టుకున్న నియమం కౌగిలింతలు ఉండకూడదని, ఎవరూ ఏమీ నేర్చుకోకూడదని. ఆ నియమంతోనే అది 1989 నుంచి 1998 వరకు 180 ఎపిసోడ్‌లు నడిచింది. మరోవైపు బ్రిటన్‌లో "లాస్ట్ ఆఫ్ ద సమ్మర్ వైన్" 1973 నుంచి 2010 వరకు సాగింది, 295 ఎపిసోడ్‌లనూ రాయ్ క్లార్క్ ఒక్కడే రాశాడు. అయితే "సైన్‌ఫెల్డ్" క్షమించకపోయినా శిక్షించలేదు. అందులోని నలుగురు మిత్రులూ చివరి ఎపిసోడ్ దాకా హాయిగానే ఉన్నారు. "సమ్మర్ వైన్" ముసలివాళ్లకు ఏ ఆశా లేదు కాబట్టి ఆశాభంగమూ లేదు. పొడవు పెరిగేకొద్దీ నొప్పి తగ్గాలన్న సూత్రం అక్కడా తలవంచలేదనే అనుకుంటాను.

యుద్ధం మీద వచ్చిన రెండు సీరియల్‌ల ముగింపులను పక్కపక్కన పెట్టి చూడడం నాకు చాలా ఇష్టం. "బ్లాకాడర్" నాలుగో సిరీస్ మొదటి ప్రపంచ యుద్ధపు కందకాలలో ఆరు ఎపిసోడ్‌లు నడిచింది. 1989 నవంబరులో వచ్చిన చివరిదానిలో, ఐదు ఎపిసోడ్‌లుగా ఎలాగోలా చావు తప్పించుకుంటూ వచ్చిన కెప్టెన్‌కు ఇక ఉపాయం దొరకదు. అందరూ కందకం పైకి ఎక్కి కాల్పులలోకి పరుగెత్తుతారు, దృశ్యం నెమ్మదిస్తుంది, ఆ మట్టి నేల క్రమంగా గసగసాల పూల పొలంగా మారుతుంది. అమెరికన్ సీరియల్ "మాష్" కొరియా యుద్ధంలోని ఒక సైనిక ఆసుపత్రి మీద వచ్చింది. మూడేళ్ల యుద్ధం తెర మీద పదకొండేళ్లు సాగింది. 1983 ఫిబ్రవరి 28న రెండున్నర గంటల చివరి ఎపిసోడ్‌ను అమెరికాలో పది కోట్ల మందికి పైగా చూశారు. అందులో యుద్ధం ముగుస్తుంది, ఒక్కొక్కరూ ఇంటికి వెళతారు, ఒక్కొక్కరికీ వీడ్కోలు ఉంటుంది. పదకొండేళ్లు ఇంట్లోకి వచ్చిన మనుషులను చంపి ముగించడం అసాధ్యం, ఆరు వారాలు వచ్చినవారిని చంపవచ్చు. ఇంత మాత్రాన "మాష్" మెత్తనిదని అనుకోకూడదు. 1975 మార్చిలో, ఇంటికి బయలుదేరిన కల్నల్ బ్లేక్ విమానం కూల్చివేశారన్న వార్తను రాడార్ అనే గుమాస్తా ఆపరేషన్ గదిలోకి వచ్చి చదువుతాడు. ఆ పేజీని చిత్రీకరణకు కాస్త ముందు వరకూ చాలామంది నటులకు కూడా చూపలేదు. ఆపరేషన్ గది సన్నివేశాలకు రికార్డు చేసిన నవ్వులు కలపకూడదని నిర్మాతలు ఛానెల్‌తో పట్టుబట్టి సాధించుకున్నారు. బీబీసీ మరో అడుగు ముందుకు వేసి, మొత్తం సీరియల్‌నే ఆ నవ్వులు తీసేసి ప్రసారం చేసింది. రెండు రకాలుగానూ చూస్తే, మాటలు అవే అయినా, నవ్వులు లేనిదానిలో ప్రధాన పాత్రయిన డాక్టర్ హాకై చమత్కారాలు భయాన్ని కప్పిపుచ్చుకునే మనిషి మాటల్లా వినిపిస్తాయి.

ఇప్పుడు ఈ హద్దులు చెరిగిపోతున్నాయి. స్ట్రీమింగ్ సంస్థలకు వంద ఎపిసోడ్‌ల అవసరం లేదు కాబట్టి అమెరికన్ సీజన్‌లు ఎనిమిది, పది ఎపిసోడ్‌లకు కుదించుకుపోయాయి. బ్రిటిష్ సీరియల్ "ఫ్లీబాగ్" పన్నెండు ఎపిసోడ్‌లతో ముగిసి 2019లో అమెరికాలో ఉత్తమ కామెడీ సిరీస్‌గా ఎమ్మీ గెలుచుకుంది. బ్రిటిష్ రాజకీయాల మీద "ద థిక్ ఆఫ్ ఇట్" తీసిన ఆర్మాండో ఇయనూచీ అదే కర్కశత్వాన్ని వాషింగ్టన్‌కు తీసుకెళ్లి "వీప్" చేశాడు. చాలామంది దీన్ని బ్రిటిష్ పద్ధతి విజయమని మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం దిగులుగా ఉంది. పెద్ద సీజన్‌లు ఉన్నప్పుడు, ఏ కథా ముందుకు నడవని ఎపిసోడ్ ఒకటి రాసుకునే తీరిక రచయితలకు ఉండేది. 1991లో "సైన్‌ఫెల్డ్"లో ముగ్గురు మనుషులు ఒక చైనీస్ రెస్టారెంట్‌లో బల్ల కోసం ఎదురుచూడడమే ఎపిసోడ్ అంతా. ఛానెల్ అధికారులకు అది నచ్చలేదు, అయినా ప్రసారమైంది. బ్రిటన్‌లో 1974లో "పారిజ్" మూడో ఎపిసోడ్‌లో ఫ్లెచర్, గాడ్‌బర్ అనే ఇద్దరు ఖైదీలు తాళం పడిన గదిలో రాత్రంతా మాట్లాడుకుంటారు. జైలుకు కొత్తయిన కుర్రాడికి, దీన్ని ఒక రాత్రి బయటికి వెళ్లకుండా ఇంట్లో ఉండిపోవడంగా అనుకోమని పెద్దవాడు నేర్పుతాడు. ఇటువంటివి రాయాలంటే తర్వాతి వారం మరొకటి ఉందన్న భరోసా, లేదా ఒక రచయిత మాటను ఛానెల్ మారుమాట లేకుండా నమ్మడం, ఏదో ఒకటి కావాలి. ఎనిమిది ఎపిసోడ్‌లలో ఒక పెద్ద కథను ముగించాల్సిన నేటి సీరియల్‌కు మొదటిది లేదు, రెండోది కూడా అరుదుగానే దొరుకుతోంది.